సోమలింగం సార్ తప్పు

"పదో తరగతి తప్పినోడు సార్ ఎట్లయితడు?" అని మా తెలుగు సంఘం కార్యదర్శి శ్యాంసుందర్ నలుగురిలో అనేవాడు. ఆయన బీయే పాసై, గుమాస్తాగా రిటైరై, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగే మనిషి. సోమలింగం సార్ ఎదురుగా ఉంటే మాత్రం ఆ మాట అనడానికి నోరు వచ్చేది కాదు, వెనకాలే అనేవాడు. చివరికి ఒకరోజు ఎదురుగానే అన్నాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ కోపం నాకింకా తగ్గలేదు. సగం శ్యాంసుందర్ మీద, సగం నా మీద.

నా పేరు తిరుమల. సూరత్‌లోనే పుట్టాను. సోమలింగం సార్ దగ్గర ఆరేళ్లు చదువుకున్నాను. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట అనడానికి నాకు నామోషీ లేదు. ఒకప్పుడు ఉండింది. ఆ సంగతి కూడా చెబుతాను.

ఆయన అసలు పని పోగులు అతకడం. ఖటోదరాలో ఒక కార్ఖానా. సాంచె, అంటే మరమగ్గం, మీద దారం చుట్టిన భీము ఒకటి అయిపోతే, కొత్త భీము పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా ముడి వెయ్యాలి. రోజుకు నాలుగైదు వేల ముడులు. సార్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు అరిగి నున్నగా అయిపోయాయి. బ్యాంకులో వేలిముద్ర పడక అక్కడి గుమాస్తాతో గొడవ పెట్టుకున్న మనిషి.

సిరిసిల్ల దగ్గరి ఒక పల్లెనుంచి పదహారేళ్ల వయసులో మేనమామ వెంట వచ్చాడు. పదో తరగతిలో తప్పింది ఒక్క ఇంగ్లీషే. ఆ కోపంతోనే ఇంగ్లీషును పట్టుకున్నాడు. "నన్ను తప్పించినదాని అంతు చూడాలె" అనేవాడు. పాత కాగితాలు తూకానికి కొనే పస్తీ దుకాణంలో లావుపాటి నిఘంటువు ఒకటి దొరికింది. అట్ట లేదు. అందులో ప్రతి మాటకూ అర్థం ఉండేది, ఏ దేశంలో ఏ పాత మాటనుంచి పుట్టిందో కూడా ఉండేది. దానికి మందపాటి గుడ్డతో అట్ట కుట్టుకున్నాడు. షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రాలు మా గల్లీ పిల్లలను కూర్చోబెట్టి చెప్పేవాడు. ఎవరిదగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఇస్తే తిట్టేవాడు.

ఆయన చెప్పే పద్ధతి ఆయనదే. ఇంగ్లీషులో ఒకే పోలికతో కనబడే మాటలను జతలు జతలుగా తెచ్చి బోర్డు మీద పెట్టేవాడు. "ముఖం చూసి చుట్టరికం కలుపుకోవద్దుర. ఎన్కకు పోవాలె. ఎక్కడ పుట్టిందో చూడాలె" అనేవాడు. ఐలండ్ అనే మాట, ఐసొలేషన్ అనే మాట చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ రెంటికీ సంబంధం లేదని, పూర్వం రాతగాళ్లు పొరపాటున ఐలండ్ మధ్యలో ఒక అక్షరం దూర్చారని చెప్పి, ఆ రాతగాళ్లను నిన్నమొన్న చూసినట్టే తిట్టేవాడు. టెక్స్ట్, టెక్స్‌టైల్ మాత్రం ఒక్క తల్లి పిల్లలు. లాటిన్‌లో నేయడం అనే మాటనుంచి రెండూ వచ్చాయి. "పుస్తకం రాసుడన్నా బట్ట నేసుడన్నా ఒకప్పుడు ఒక్కటే పని. మీ నాయన సాంచె నడుపుతడంటే సిగ్గుపడకుండ్రి" అని గట్టిగా అరిచేవాడు. ఎదుట పది మందే ఉన్నా కార్ఖానాలో మోత మధ్య మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

మా అందరికీ ఇష్టమైన జత యార్న్, యర్న్. యార్న్ అంటే దారం, అది సూరత్‌లో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. యర్న్ అంటే దేనికోసమో, ఎవరికోసమో మనసు గుంజడం. "దారంనుంచే ఈ మాట పుట్టింది. దూరంగా ఉన్న మనిషి దారం కొస పట్టుకుని గుంజినట్టు ఉంటది. మన అసొంటి నేతోళ్లే పుట్టించి ఉంటరు" అనేవాడు సార్. ఆ పాఠం రోజు ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు. మా క్లాసులో నరేశ్, మా బిల్డింగులో ఉండే సారక్క కొడుకు, దాన్ని నోటుబుక్కులో రంగు పెన్నులతో రాసుకున్నాడు, ఒక మాటనుంచి ఇంకో మాటకు దారం కూడా గీశాడు.

సార్‌కు పొలం లేదు, సొంత గది లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒకటే. మాటల విషయంలో సోమలింగం సార్ చెప్పాడంటే నిజం అని గల్లీ అంతా నమ్మేది. కోర్టు నోటీసు వచ్చినా, మందు సీసా మీద ఏం రాసుందో తెలియకపోయినా ఆయన గుమ్మం దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ నమ్మకం మీదే ఆయన బతికాడు.

రెండువేల ఇరవై మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచెలు ఆగిపోయాయి. కార్ఖానా సేఠ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. గది యజమాని రోజూ వచ్చి మెట్ల కింద నిలబడి పైకి చూసి వెళ్లేవాడు. తిండి పొట్లాల లైన్లో నిలబడ్డవాళ్లను లాఠీలతో తరిమారు. ఊరికి పోదామంటే బండి లేదు. టీవీలో మమ్మల్ని మైగ్రెంట్లు అంటుంటే సార్ లేచి టీవీ ఆపేసేవాడు. "ముప్పైనాలుగేండ్లాయె వీళ్లకు బట్ట నేసిపెట్టబట్టి. ఇంకా మైగ్రెంట్‌నేనా? ఇంకెన్నేండ్లయితే ఈ ఊరోన్నయితనో జర అడుగుండ్రి!" అని ఆ ఆగిపోయిన టీవీనే తిట్టేవాడు.

కానీ పాఠం ఆపలేదు. మా బిల్డింగులో గదులన్నింటి ముందూ ఒకటే పొడుగాటి వసారా. పిల్లలు ఎవరి గడపలో వాళ్లు కూర్చునేవాళ్లు. సార్ ఈ కొసన నిలబడి అరిచేవాడు. క్వారంటైన్ అంటే నలభై రోజులని, వెనకటికి ఒక రేవులో ఓడలను నలభై రోజులు నీళ్లమీదే ఆపేవారని చెప్పాడు. హాస్పిటల్, హోటల్, హాస్టల్ అన్నీ అతిథి అనే మాటకు పుట్టిన పిల్లలేనని, పగ అనే అర్థమున్న హాస్టైల్ కూడా వాటి దాయాదేనని చెప్పాడు. "ఎన్కకు పోతే అతిథికి, శత్రువుకు ఒక్కటే మాట. పరాయోడు అని. ఇంట్ల కూసోబెడితే అతిథి, లాఠీతోని కొడితే శత్రువు. మనం ఏందో మీరే చెప్పుండ్రి" అన్నాడు.

నరేశ్ అప్పటికి ఊరి బయట సచిన్ అనే చోట ఎంబ్రాయిడరీ యూనిట్‌లో పనిచేసేవాడు, ఇరవైనాలుగేళ్లవాడు. అయినా గడపలో కూర్చుని చిన్నపిల్లలతో పాటు వినేవాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జ్వరం వచ్చి, ఊపిరాడక, దవాఖానలో చేరి అక్కడే పోయాడు. ఆ నెలలో మా వీధిలో ఏడుగురు పోయారు. ఒక్కరినీ ఇంటికి తేనివ్వలేదు.

జూలైలో బళ్లు ఇంకా తెరవలేదు. చాలామంది పిల్లలకు ఫోన్ లేదు. సార్ పాఠాలను పుస్తకంగా వేసి ఇంటింటికీ పంచుదామని సంఘంలో అనుకున్నారు. టైపు చేసే పని నాకిచ్చారు. నాలుగు రోజులకు శ్యాంసుందర్ నన్ను పిలిచి, సాంచె, పోగు, భీము, నేత అన్న మాటలు ఎక్కడ ఉంటే అక్కడ తీసెయ్యమన్నాడు. "మన పిల్లలు రేపు ఆఫీసుల్ల కూసోవాలె బిడ్డా. పుస్తకం గుజరాతీ దోస్తులకు చూపిస్తే సిగ్గు కావొద్దు" అన్నాడు. నేను తీసేశాను. ఎందుకంటే బడిలో నా తోటి టీచర్లకు మా నాన్న ఏం పని చేస్తాడో నేనూ ఎప్పుడూ చెప్పలేదు. టెక్స్ట్ అనే మాట కింద లాటిన్‌నుంచి పుట్టింది అని ఊరికే పెట్టి వదిలేశాను. దేనినుంచి పుట్టిందో తీసేశాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నేను ఇంకోటి చెయ్యలేదు.

సంఘం గదిలో మీటింగు. మాస్కులు కట్టుకుని పన్నెండు మందిమి. సార్ ప్రింటు తీసిన కాగితాలు తిరగేశాడు. ఐదో పేజీ దగ్గర ఆగి నావైపు చూశాడు.

"తిరుమలా, నా సాంచె ఏది?"

శ్యాంసుందర్ అందుకున్నాడు.

"నేనే తియ్యమన్న. ఎన్ని రోజులు ఇంకా పోగులు, భీములు? జర ఒక పద్ధతి ఉండాలె పుస్తకానికి."

"టెక్స్ట్ అంటేనే నేసింది. అది నేను పెట్టలే, లాటిన్ల ఉన్నది. నీకు సిగ్గయితే పోయి లాటినోళ్లకు చెప్పు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు శ్యాంసుందర్‌కు ఎక్కడో తగిలింది. నెమ్మదిగా ఫోన్ తీశాడు. ముందే చూసిపెట్టుకున్నాడని ఆ నెమ్మదితనంలోనే తెలిసింది.

"సరే సోమలింగం. నువ్వు అన్నీ ఎన్కకు పోయి చూస్తవు గదా. యర్న్ అనేది యార్న్‌నుంచి పుట్టిందని రాసినవ్. ఇగో, డిక్షనరీ. దారం అనే మాట వేరు, దాని ఎన్కకు పోతే పేగు అనే అర్థం ఉన్నదట. కోరుకునుడు అనే మాట వేరు. అది మొదట్నుంచి కోరుకునుడే. ఈ రెంటికీ సంబంధం లేదు. సదువుకో."

సార్ ఫోన్ తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

"గిదొక్కటి తప్పయితే మిగిలినయి ఎన్ని తప్పులో? పదో తరగతి తప్పినోన్ని సార్ అంటే గిట్లనే ఉంటది" అన్నాడు శ్యాంసుందర్.

ఆ గదిలో ఆరుగురు సార్ దగ్గర చదువుకున్నవాళ్లే. మిగిలిన పాఠాలన్నీ నేను టైపు చేస్తూ డిక్షనరీలతో సరిచూసినవే. అన్నీ సరైనవేనని నాకు తెలుసు. ఆ ఒక్కటే చూడలేదు. అంత బాగా ఉన్న మాటను తప్పని ఎవరనుకుంటారు? లేచి ఆ సంగతి చెప్పాల్సింది. చెప్పలేదు. సార్ ఫోన్ బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. సాంచె లేని పుస్తకమే వెయ్యాలని, సంకలనం శ్యాంసుందర్ పేరు మీద రావాలని అక్కడికక్కడే తీర్మానం అయింది. చాయ్ తెప్పించారు.

మూడో రోజు ఆయన గదికి వెళ్లాను. భార్య మంగక్క గుమ్మంలోనే, "తింటలేడు, మాట్లాడుతలేడు. ఏం జేసిండ్రే మీరంత గూడి?" అని నా మీద విరుచుకుపడింది. సార్ నేలమీద ఆ నిఘంటువు ముందేసుకుని ఉన్నాడు. చివరి పేజీ తీసి చూపించాడు. డబ్ల్యూ మధ్యలోనే తెగిపోయింది. ఆ తర్వాత పేజీల్లేవు.

"వై అక్షరం మాటలే లేవు దీంట్ల. యార్న్, యర్న్ రెండూ అక్కడియే. మొదట్నుంచి లేవు" అన్నాడు. "పోగులు అతికేటప్పుడు ఒక పోగు దొరకకుంటే ఏం జేస్తం? అంచుకు ఉన్న ఫాల్తూ పోగు తెచ్చి ఆ సందుల అతుకుతం. సందు ఇడిస్తే బట్టల గీత పడతది గదా. ఇక్కడ కూడ గదే జేసిన. దొరకని కాడ నాది తెచ్చి అతికిన. అతికిన సంగతి నేనే మరిచిన."

"ఒక్క మాటే గద సార్."

అంతే. గది దద్దరిల్లింది.

"ఒక్క మాటనా! పందొమ్మిదేండ్లు చెప్పిన! ముఖం చూసి చుట్టరికం కలపొద్దని మీ నెత్తుల మీద మొత్తి మొత్తి చెప్పి, నేనే కలిపిన. శ్యాంసుందర్‌గాడు అన్నదాంట్ల తప్పేంది? నువ్వు సాంచెలు తీసేసినవ్, నేను లేని సాంచె తెచ్చి పెట్టిన. ఇద్దరం దొంగలమే." నిఘంటువు మూసేశాడు. "బట్టల తప్పు పడితే ఏం జేస్తరు? తప్పు కాడిదాక ఊడదీస్తరు. నీ స్కూటర్ తియ్. ఎందరికి చెప్పిన్నో అందరికి చెప్తా."

అట్లా మొదలైంది. ఆదివారాలు, సెలవులు నా స్కూటర్ వెనక కూర్చుని, చంకలో ఎర్ర పెన్ను పెట్టిన సంచి పట్టుకుని, తన దగ్గర చదువుకున్నవాళ్ల గడప గడపకూ వెళ్లాడు. నమస్తే లేదు, కుశలం లేదు. "యర్న్ గురించి నేను చెప్పింది తప్పు. నోటుబుక్కు ఉంటే తే, దిద్దుతా." కొందరు నవ్వారు. ఒకడు, "గింత దానికి వానల వచ్చిండ్రా సార్?" అన్నందుకు తిట్లు తిన్నాడు. బార్డోలీలో చక్కెర మిల్లు ఆఫీసులో పనిచేస్తున్న ప్రసన్న, సూరత్ యాసలో, "ఖోటూ ఛే, సర్? తప్పా అది? నాకు చాలా ఇష్టముండే ఆ లెసన్" అని ముఖం చిన్నబుచ్చుకుంది. లాక్‌డౌన్‌లో ఊరికి పోయి తిరిగి రానివాళ్లకు ఫోన్లు. జగిత్యాలనుంచి రాజలింగం, "ఆ మాటనే యాదికి లేదు సార్" అన్నాడు. "యాదికి లేదా? ముందు యాది చేస్కో. తర్వాత తప్పని రాస్కో!" అని సార్ ఫోన్లో అరిస్తే పెట్రోలు బంకులో జనం తిరిగి చూశారు.

సారక్క గది మా వసారాలోనే, అటు కొసన. అక్కడికి వద్దని మెట్ల దగ్గరే నేను బతిమాలాను. కొడుకు పోయి నాలుగు నెలలు కాలేదు.

"సచ్చిపోయినోనికి తప్పు ఇడిసిపెట్టొచ్చునా?" అన్నాడు సార్. నాకు ఆయన మీద అసహ్యం వేసింది, అబద్ధమెందుకు. తన పరువు కడుక్కోవడానికి ఒక తల్లిని కెలుకుతున్నాడనిపించింది. అదే ముఖం మీద అన్నాను కూడా. ఆయన సంచి సర్దుకుని మెట్లెక్కాడు.

సారక్క కార్ఖానాలో దారం కండెలు చుట్టే పనికి పోతుంది. చదువు రాదు. సార్ చెప్పింది విని లోపలికి వెళ్లి, చీర మడతల మధ్యనుంచి నోటుబుక్కు తెచ్చింది. ఇవ్వలేదు. గుండెకు ఆనించి పట్టుకుంది.

"దవాఖానల చేరినంక ఒక్కపాలి ఫోన్ చేసిండు. అమ్మా, నిన్ను చూడాలని యర్న్ అయితుంది, అది మన దారం మాటనే, సార్ చెప్పిండు అన్నడు. నాకేమెరుక, ఏదో సదువుకున్న మాట అనుకున్న. మల్ల మాట్లాడలే వాడు. గిప్పుడు వచ్చి అది తప్పంటున్నవా?"

సార్ సంచి కింద పెట్టాడు. "వాడన్న అర్థం నిజమే సారక్కా. నిన్ను చూడాలని గుంజిందన్నడు, ఆ మాటకు అర్థం అదే. దారంలకెల్లి పుట్టిందని నేను చెప్పింది అబద్ధం. తెల్వక చెప్పిన. నువ్వు వద్దంటే ముట్టుకోను, పోత."

నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. సారక్క గొంతు లేచింది.

"ఎక్కడికి పోతవ్? మూడు దినాలు మంచిగున్నడు, తింటున్నడు అని చెప్పిండ్రు ఆ దవాఖానోళ్లు. నాలుగో దినం సంచిల కట్టి చూపిచ్చిండ్రు. మొగం కూడ తెరువలే. అబద్ధాలతోనే పంపిండ్రు నా కొడుకును. నువ్వు చెప్పింది కూడ అబద్ధమేనా? సదువు వస్తదని కడుపు కట్టుకుని నీ కాడికి తోలిన. కూసో. దిద్దు."

నోటుబుక్కు ఆయన ముందు పడేసింది. సార్ గడపలోనే కూర్చున్నాడు. ఆ పేజీ తీశాడు. రంగు పెన్నులు, రెండు మాటల మధ్య నరేశ్ గీసిన దారం. దాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. కింద, యర్న్ అంటే గట్టిగా కోరుకోవడం, అది దారంనుంచి పుట్టలేదు అని రాశాడు. ముడులు వేసే ఆ వేళ్లు అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం రాసినవ్?" అంది సారక్క. చెప్పాడు.

"తప్పు ఎవలదని రాసినవా?"

"లేదు."

"మరి రేపు ఎవలన్న తెరిసి చూస్తే? ఎర్రగ కొట్టేసి ఉన్నది. నా కొడుక్కు సదువు రాలేదనుకుంటరు. వాడు నువ్వు చెప్పిందే రాసిండు. తప్పు నీదని రాయి. పేరు బెట్టి రాయి."

సార్ రాశాడు. సంతకం చేసి, తేదీ వేసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు. ఆమె ఆ పేజీని కాసేపు చూసింది. తర్వాత నా చేతిలో పెట్టింది.

"నువ్వు సదువు తిరుమలా. ఈయన చెప్తే నేనిగ నమ్మ."

సార్ పక్కనే ఉన్నాడు. నేను చదివాను. "ఈ తప్పు నరేశ్‌ది కాదు. నేను తెలియక చెప్పింది, నరేశ్ నన్ను నమ్మి రాసుకున్నాడు. తప్పు నాది. సోమలింగం."

"గట్టిగ సదువు" అంది సారక్క.

వసారాలో చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. నేను మొదటినుంచి గట్టిగా చదివాను. చదివినంతసేపూ సార్ తల వంచలేదు.